మీ కారు – మా జవాబు: ఇంట్లోనే ఆయిల్ మార్చాలంటే ఏమేం కొనాలి?

ప్రశ్న: మాది 2016 స్విఫ్ట్ పెట్రోలు. ఈసారి ఇంజిన్ ఆయిల్ ఇంటి దగ్గరే మార్చుకుందామనుకుంటున్నాను. ఆటోనగర్ షాపులో మన బెజవాడ ఎండలకి చిక్కటి 20డబ్ల్యూ-50 పొయ్యమన్నారు. ఫిల్టర్లేమో రెండు రేట్లలో చూపించారు. ఏవి తీసుకోను?
— ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: 20డబ్ల్యూ-50 వద్దు. బయట 45 డిగ్రీలున్నా 20 ఉన్నా, వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ 100 డిగ్రీలకి అటూఇటూగానే ఉంటుంది. ఆ పని ఇంజిన్ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ చూసుకుంటుంది. డబ్ల్యూ తర్వాతి అంకె చెప్పేది ఆ 100 డిగ్రీల దగ్గర చిక్కదనమే. అవసరానికి మించి చిక్కనిది పోస్తే పొద్దున స్టార్ట్ చేయగానే పైన వాల్వుల దాకా ఎక్కడానికి ఆలస్యమవుతుంది, మైలేజీ కూడా పడిపోతుంది. మాన్యువల్‌లో ఏ గ్రేడు రాసి ఉంటే అదే కొనండి. ఈ తరం పెట్రోలు ఇంజిన్లకి మామూలుగా 5డబ్ల్యూ-30 గానీ 0డబ్ల్యూ-20 గానీ ఉంటుంది. డబ్బా మీద ఆయిల్ నాణ్యత చెప్పే ఏపీఐ ముద్రలో ఎస్ఎన్ గానీ, 2020లో వచ్చిన ఎస్పీ గానీ ఉండాలి. ఫిల్టర్‌తో కలిపి మూడు లీటర్ల పైచిలుకు పడుతుంది కాబట్టి మూడున్నర లీటర్ల క్యాన్ సరిపోతుంది. లూజు ఆయిల్ జోలికి పోవద్దు.

బేరం ఆడకూడనిది ఫిల్టర్ దగ్గర. దాన్ని తిప్పి చూడండి. మధ్యలో మరలున్న పెద్ద రంధ్రం, చుట్టూ చిన్న రంధ్రాలు ఉంటాయి. ఆ చిన్నవాటి వెనక మెత్తటి రబ్బరు రేకు కనపడాలి. బండి ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి జారకుండా పట్టేది అదే. రబ్బరు బిరుసెక్కిన నాసిరకం ఫిల్టరయితే పొద్దున్నే రెండు మూడు సెకన్లు టకటకమంటుంది, ఆయిల్ లైటు ఆలస్యంగా ఆరుతుంది. మరలు సరిపోయాయి కదా అని వేరే కారు ఫిల్టర్ బిగించకండి, ఫిల్టర్ పూడుకుపోతే ఆయిల్‌ని పక్కదారిన పంపే లోపలి బైపాస్ వాల్వు తెరుచుకునే ఒత్తిడి వేరుగా ఉండొచ్చు.

పాత ఆయిల్ దింపడానికి విప్పే కింది బోల్టు (డ్రెయిన్ బోల్టు) వాషర్ కొత్తది తెచ్చుకోవడం చాలామంది మరిచిపోతారు. పాతది ఒకసారి నలిగిపోయి ఉంటుంది, మళ్ళీ వేస్తే చుక్క కారుతుంది. కారుతోందని ఇంకా బిగిస్తారు, ఆయిల్ చాంబర్ అల్యూమినియందైతే మరలు పోతాయి. పది రూపాయల చోట వేలల్లో బిల్లు!

బిగించే ముందు పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుపోయిందేమో వేలితో తడిమి చూడండి. రింగు మీద రింగు పడిందంటే స్టార్ట్ చేసిన నిమిషంలో ఆయిలంతా నేల మీదే. కొత్త రింగుకి ఆయిల్ రాసి, ఆనిన తర్వాత చేత్తోనే ముప్పావు తిప్పు చాలు. ముందు రెండున్నర లీటర్లు పోసి, ఇంజిన్ ఒక నిమిషం నడిపి, ఆపి ఐదు నిమిషాలాగి ఆయిల్ మట్టం చూపే కడ్డీ, అదే డిప్‌స్టిక్, చూస్తూ కలపండి. పై గీత దాటనివ్వకండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరొద్దు, స్టాండ్లు ఉండాల్సిందే.

ప్రశ్న: ట్రాక్టర్‌కి కొన్న డీజిల్ ఆయిల్ మిగిలింది. మా బీఎస్6 డీజిల్ కారులో పొయ్యొచ్చా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పొయ్యకండమ్మా. మీ కారు పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్, అదే డీపీఎఫ్, ఉంటుంది. మసిని అది కాల్చేసుకుంటుంది గానీ ఆయిల్‌లోంచి వచ్చే బూడిద కాలదు, అక్కడే పేరుకుంటుంది. ట్రాక్టర్ ఆయిల్‌లో ఆ బూడిద మామూలుగా ఎక్కువ. మాన్యువల్‌లో చెప్పిన తక్కువ బూడిద రకం, సాధారణంగా ఏసీఈఏ అనే యూరప్ ప్రమాణంలో సీ2 లేదా సీ3, అదే వాడండి. తీసిన పాత ఆయిల్‌ని కాలవలో పారబోయకుండా, డ్రమ్ములో పోగుచేసే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి.