బొంత మీద ముగ్గు కుట్టాలంటే: మీ ప్రశ్నలు, జవాబులు

బల్ల మీద పట్టే చిన్న చట్రంలో ఇంటి మిషన్‌తో బొంతలు కుట్టడం గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. ఈ చట్రం చూడనివారికి రెండు మాటలు: బొంత రెండు రోలర్ల మధ్య సాగి ఉంటుంది. గుడ్డ కదలదు, మిషనే చక్రాల బండి మీద అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ కదులుతుంది. బండికి బిగించిన ఇనుప పుల్ల వెనకున్న పలకలోని గాడి వెంట నడిస్తే, గాడిలో ఉన్న గీతే బొంత మీద కుట్టుగా పడుతుంది.

ప్రశ్న: మోటారు బిగించిన నల్ల మిషన్ ఉంది. 5 అడుగుల బల్ల మీద పట్టేలా వడ్రంగితో చట్రం చేయించుకుంటున్నాను. మంచానికి సరిపోయే బొంత మీద అరచేయంత పూలు కుట్టొచ్చా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: కుట్టలేరమ్మా. పలక కోయించి డబ్బు పెట్టాక తెలియడం కంటే ఇప్పుడే తెలియడం మేలు. పువ్వు ఎంత ఉండాలో మీ మిషన్ చేయి (సూదికీ అవతలి స్తంభానికీ మధ్య అడ్డంగా ఉండే భాగం) కింద ఉన్న జాగాను బట్టే తేలుతుంది.

చట్రం మీద మిషన్ సూది మీ వైపు, చేతి చక్రం అవతలి వైపు ఉండేలా కూర్చుంటుంది. కుట్టు పూర్తయిన భాగం చుట్టుకునే రోలరు ఆ చేయి కిందుగానే పోవాలి. ఇంటి మిషన్లలో సూదికీ స్తంభానికీ మధ్య జాగా సుమారు ఆరున్నర అంగుళాలు. ఒకటింపావు అంగుళం పైపు మీద, నొక్కితే 2.5 మిల్లీమీటర్ల మందం వచ్చే బొంతను 90 అంగుళాలు చుడితే, చివరికి ఆ చుట్ట అడ్డకొలత మూడున్నర అంగుళాలు దాటుతుంది. పాదానికి పావు అంగుళం వదిలితే సూది తిరగడానికి మిగిలేది మూడు అంగుళాల లోపే. మొదటి వరసలో 5 అంగుళాల పువ్వు హాయిగా పడుతుంది. చివరి వరసల్లో అదే పువ్వు సగం గీసేసరికి మిషన్ స్తంభం చుట్టకు తగిలి ఆగిపోతుంది, పుల్ల గాడిలో ఉన్నా కుట్టు వంకర పోతుంది. అందుకని రెండున్నర అంగుళాల ఎత్తు మించని డిజైను తీసుకోండి. మూడు అంగుళాలు కావాలంటే సగం బొంత కుట్టి, విప్పి, రెండో కొస నుంచి తిప్పి ఎక్కించండి. అప్పుడు చుట్టలో 45 అంగుళాలే ఉంటుంది, అడ్డకొలత 2.7 అంగుళాల దగ్గర ఆగుతుంది.

వెడల్పు లెక్క కూడా చూసుకోండి. 5 అడుగుల పట్టాల మీద బండి 10 అంగుళాల దాకా తినేస్తుంది. కుట్టడానికి దొరికేది 50 అంగుళాల లోపు, అంటే 48 అంగుళాల బొంత. మంచానికి 60 కావాలంటే పట్టాలు 6 అడుగులు ఉండాలి. బల్ల అంచు దాటి రెండు పక్కలా అర అడుగు బయటికి వస్తే వచ్చింది, కింద ఊతం పెట్టించండి.

ఇంకో సంగతి. నల్ల మిషన్ తల పోత ఇనుము, పది కిలోలకు పైనే తూగుతుంది. ఆ బరువు కదిలాక వెంటనే ఆగదు, కాబట్టి కోసుగా ఉండాల్సిన ఆకు కొనలు గుండ్రంగా వస్తాయి. ఆకులు, నక్షత్రాలు వదిలి అలలు, మామిడి పిందెలు, తీగ మెలికలు ఎంచుకోండి. బండికి 608 నంబరు బేరింగులు (లోపల 8, బయట 22 మిల్లీమీటర్లు) వేసి, అల్యూమినియం చానల్‌లో నడిపించండి. ఒక వేలితో తోస్తే కదలాలి. ఎక్కడైనా పట్టేస్తే ఆ చోట ప్రతి వరసలోనూ కుట్లు చిన్నవవుతాయి.

ప్రశ్న: మెలిక ముగ్గులు చేత్తో బాగా వేస్తాను. అవే పలక మీద గాడిగా కోయించి బొంత మీదికి తేవచ్చా? ఒక వరసకు ఇంకో వరస కలవడం లేదని కూడా విన్నాను.
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: మంచి ఆలోచన. చుక్కల చుట్టూ చేయి ఎత్తకుండా తిరిగే గీత మిషన్‌కు అచ్చంగా సరిపోతుంది, ఎందుకంటే దారం తెంపాల్సిన పని ఉండదు. కానీ ముంగిట్లో మెలిక ముగ్గు మొదలుపెట్టిన చోటికే వచ్చి మూసుకుంటుంది. బొంతకు అలా కుదరదు. గీత ఎడమ అంచున మొదలై కుడి అంచున బయటికి పోవాలి. కాబట్టి ముగ్గును ఎడమ చివరా కుడి చివరా ఒక్కో మెలిక దగ్గర తెరవండి. తెరిచిన రెండు కొసలూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పావు అంగుళం పైన ఉంటే ఎనిమిది ముగ్గులు జరిగేసరికి వరస రెండు అంగుళాలు ఎక్కిపోతుంది.

గీతలు దాటుకునే చోట్లు నిలువుగా, అంటే ప్లస్ గుర్తులా దాటాలి. ఏటవాలుగా కలిస్తే పుల్ల దారి తప్పి పక్క గాడిలోకి జారుతుంది. కోయించేది ద్వారాలకు జాలీ డిజైన్లు కోసే సిఎన్‌సి షాపులోనే. 12 మిల్లీమీటర్ల ఎమ్‌డిఎఫ్ (చెక్క పీచు అదిమి చేసిన) పలకలో 6 మిల్లీమీటర్ల లోతు చాలు. పుల్ల 6 మిల్లీమీటర్లయితే గాడి వెడల్పు ఆరున్నర. ఏడు చేస్తే ఆ వదులంతా కుట్టులో వణుకుగా కనబడుతుంది. గాడి లోపల సన్న ఉప్పు కాగితం వేసి రుద్ది, కొవ్వొత్తి మైనం పట్టించండి. బండి ఒకటే కాబట్టి గాడి ఎంత ఉంటే కుట్టు అంతే, పెరగదు తగ్గదు.

ఒక్కో ముగ్గు 6 అంగుళాల వెడల్పు (ఎత్తు మాత్రం పై జవాబులో చెప్పిన హద్దులోనే) ఉంటే 48 అంగుళాలకు ఎనిమిది. నాలుగు ముగ్గులున్న 24 అంగుళాల పలక చాలు, ఒకసారి జరుపుకోవచ్చు. జరిపేటప్పుడు సూదిని గుడ్డలో దించి, పుల్లను ఎత్తి, పలకను మేకు దాకా తోసి, పుల్లను కొత్త గాడి మొదట దించండి. ఆ మేకు 24 అంగుళాలకు కచ్చితంగా ఉండాలి.

ఇక వరసలు కలవకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ రోలరే. రోలరు తిప్పిన ప్రతిసారీ గుడ్డ కొంచెం ఎక్కువో తక్కువో జరుగుతుంది. కుట్టిన వరస కింది అంచున, ఎడమా కుడీ చివర్లలో ఒక్కో గుండుసూది గుచ్చండి. రోలరు తిప్పాక పుల్లను గాడి పైఅంచున పెట్టి సూది ఎక్కడ నిలుస్తుందో చూడండి. రెండు చివర్లలోనూ గుండుసూది నుంచి ఒకే దూరం రావాలి. తేడా వస్తే బొంత వంకరగా చుట్టుకుందని అర్థం, అక్కడే విప్పి సరిచేయండి. ఇంకో వరస పోనిచ్చి చూద్దామనుకోవద్దు.

ప్రశ్న: పైన కుట్టు చక్కగా ఉంది. తిప్పి చూస్తే వంపుల దగ్గర కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. టెన్షన్ ఎంత బిగించినా పోవడం లేదు, ఇప్పుడు దారం తెగుతోంది.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: టెన్షన్ స్క్రూ మీద చేయి తీసేయండి. కింద ఉచ్చులు వస్తే తప్పు పైదారానిదే, కానీ బిగింపు తక్కువై కాదు, చాలాసార్లు దారం టెన్షన్ పళ్ళేల మధ్య కూర్చోకపోవడం వల్ల. ఈ వరసలో చూసుకుంటూ రండి.

పాదం లివరు దించి ఉందా? చట్రం మీద కుట్టేటప్పుడు పాదం గుడ్డను నొక్కదు, అందుకని లివరు దించడం మరిచిపోతారు. లివరు పైన ఉంటే పళ్ళేలు తెరుచుకుని ఉంటాయి, స్క్రూ ఎంత తిప్పినా దారానికి బిగువు రాదు. దారం ఎక్కించేటప్పుడు మాత్రం లివరు పైన ఉండాలి. ఎక్కించి, దించి, దారం లాగి చూడండి. దించాక చేతికి గట్టిగా తగలాలి.

తర్వాత సూది. రెండు గుడ్డలూ, మధ్య దూదీ అంటే 16 నంబరు. 14 వేస్తే పక్కకు లాగినప్పుడు సూది వంగి, షటిల్ ముక్కుకు దారం అందక కుట్టు తప్పుతుంది. ఒక బొంతకు ఒక కొత్త సూది. మామూలు పాదం తీసి, స్ప్రింగు ఉన్న డార్నింగ్ పాదం వేయండి. రింగులో ఎంబ్రాయిడరీ చేసేవారిలా పాదం లేకుండా కుడితే మందపు గుడ్డ సూదితోపాటు పైకి లేస్తుంది, దారం మెలిక పడదు. గుడ్డను జరిపే కింది పళ్ళు దించేయండి. దించే ఏర్పాటు లేకపోతే డార్నింగ్ ప్లేటుతో వాటిని మూయండి. కుట్టు పొడవు సున్నా.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా వంపుల్లోనే ఉచ్చులు వస్తే కారణం మీ చేయి. నేరు గీతలో ఒక వేగంతో పోయి, వంపు రాగానే బండిని విసురుగా తిప్పేస్తారు. మిషన్ వేగం మారలేదు, చేతి వేగం పెరిగింది. కుట్టు పొడుగై, దారం వంపు లోపలికి లాక్కుపోతుంది. చట్రం మీద కుట్టు పొడవు నిర్ణయించేది చేయే. మిషన్ నిమిషానికి 600 కుట్లు వేస్తుంటే సెకనుకు 10. అంగుళానికి 10 కుట్లు రావాలంటే చేయి సెకనుకు ఒక అంగుళం కదలాలి, వంపులోనూ అంతే. మీ మిషన్ వేగం తెలుసుకోవాలంటే దారం తీసేసి, పాత కాగితం సూది కింద లాగుతూ 10 సెకన్లు నడిపి రంధ్రాలు లెక్కపెట్టండి. 100 ఉంటే 600. పెడల్ కింద చిన్న చెక్క ముక్క అడ్డం పెడితే ఎంత తొక్కినా ఆ వేగం దాటదు.

గుడ్డ బిగువు కూడా చూడండి. చాలామంది తప్పెటలా బిగిస్తారు. అలా బిగిస్తే గుడ్డ సూదితో ఎగిరెగిరి పడుతుంది. బొంత అడుగు నుంచి వేలు పైకి పొడిచి, పై నుంచి ఆ వేలికొనను రెండో చేత్తో చిటికెలో పట్టుకోగలిగితే బిగువు సరిపోయింది. పట్టుకోలేకపోతే రోలరు పళ్ళచక్రాన్ని ఒక పన్ను వదలండి.

ఇక చివరగా బాబిన్. దారం కొస పట్టుకుని కేసును వేలాడదీసి చిన్న కుదుపు ఇవ్వండి. ఒకటి రెండు అంగుళాలు జారి ఆగాలి. జర్రున జారిపోతే కేసు స్క్రూ గడియారం ముల్లు తిరిగే వైపు కాస్త, ఎనిమిదో వంతు చుట్టు, తిప్పండి. దూది బొంత అయితే బాబిన్ మార్చిన ప్రతిసారీ షటిల్ తీసి నూగు తుడవాలి. గింజంత నూగుముద్ద చాలు, కుట్టంతా పాడవడానికి.

ప్రశ్న: ఊళ్ళోనే పత్తి ఉండగా పాలిస్టర్ షీటు ఎందుకు? ఏకిన దూదే వేయొచ్చా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: తప్పకుండా వేయొచ్చు. అంత పెద్ద పత్తి మార్కెట్ యార్డు పక్కనుండగా వేయాల్సిందే, మన ఎండలకు దూది బొంతే ఒంటికి సుఖం. కానీ వదులు దూదిని తిన్నగా చట్రం మీద పరిస్తే రోలరు తిరిగే కొద్దీ ఒక వైపుకు జారి ముద్దలవుతుంది. దూది ఏకే దుకాణంలో రెండుసార్లు ఏకించండి. 48 × 60 అంగుళాల బొంతకు 300 గ్రాములు చాలు. పరుపుకు వేసినట్టు కిలో వేస్తే మిషన్ చేయి కింద చుట్ట పట్టదు. రెండు పలచటి మల్లు గుడ్డల మధ్య సమంగా పరిచి, నాలుగు అంగుళాలకొక పెద్ద కుట్టు చేత్తో వేసి, అప్పుడు చట్రానికి ఎక్కించండి.

ఏకిన దూదిని వెలుతురుకు ఎత్తి చూడండి. గోధుమ రంగు నలుసులు కనబడితే అవి గింజ తొక్కలు. వాటిలోని నూనె ఉతికాక లేత గుడ్డ మీద పసుపు మచ్చగా తేలుతుంది. ఓపిగ్గా ఏరేయాలి, లేదా ముదురు రంగు గుడ్డ వాడాలి. ఇలాంటి దూదికి కుట్టు గీతల మధ్య రెండు అంగుళాలకు మించి ఖాళీ ఉండకూడదు. ఉంటే రెండు ఉతుకుల్లోనే దూది ఆ ఖాళీల్లో చేరి గడ్డకడుతుంది. పాలిస్టర్ షీటుకు ఆ బాధ లేదు, 100 నుంచి 120 జిఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు అన్ని గ్రాములు) తీసుకుంటే గీతల మధ్య నాలుగు అంగుళాలైనా నిలుస్తుంది.

ప్రశ్న: జీన్సు ముక్కలు చాలా దొరుకుతాయి. వాటితో ఇలాంటి బొంత అవుతుందా?
– ఒక పాఠకురాలు, రాయదుర్గం

జవాబు: అవుతుంది, మధ్యలో దూది వద్దు. కింద నూలు గుడ్డ ఒకటే. ప్యాంటు కాలి పక్కన ఉండే మడత కుట్టును ముందే కోసి పారేయండి. రెండు మడతలు ఒకదాని మీద ఒకటి వచ్చిన చోట పాదం తట్టుకుని పుల్ల గాడిలోంచి ఎగురుతుంది. ముక్కలు కలిపిన కుట్లను ఒక వైపుకు కాకుండా రెండు వైపులకూ విప్పి ఇస్త్రీ చేయండి. సూది 18.

ప్రశ్న: అమ్మ నూలు చీరలతో బొంత. పై చీర ఎర్రది, అడుగు చీర తెల్లది. రంగు దిగుతుందా? కింద ముడతలు ఎందుకు పడతాయి?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: తెల్ల గుడ్డను తడిపి ఎర్ర చీర మీద గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే ఆ చీరను తెల్లదానితో కలపొద్దు. ఉప్పు నీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందన్న మాటను నమ్మి అమ్మ చీర పాడుచేసుకోకండి, వేసేసిన అద్దకాన్ని ఉప్పు పట్టి ఉంచలేదు. ఎన్ని ఉతుకులు చూసిన చీరైనా మరోసారి వేడి నీళ్ళలో ఉతికి ఆరబెట్టే కుట్టండి. కొత్త అడుగు గుడ్డ అయితే ఇది మరీ ముఖ్యం, నూలు 3 నుంచి 5 శాతం కుదించుకుంటుంది.

ముడతలకు కారణం అడుగు గుడ్డ చిన్నదవడం. అది పై గుడ్డ కంటే నాలుగు వైపులా 4 అంగుళాలు పెద్దగా ఉండాలి. దాని పై కింది అంచులను రోలరుకు అతికించిన గట్టి క్యాన్వాస్ పట్టీకి పిన్నులతో పట్టించండి, మధ్య నుంచి మొదలుపెట్టి రెండు చివరలకూ. పక్క అంచులకు క్లిప్పులు పెట్టి నాడాతో లాగండి, వదులు లేకుండా మాత్రమే, సాగేలా కాదు. పాత చీర నేత అరిగిన చోట లాగితే చిరుగుతుంది. అలాంటి చోట లోపల మల్లు గుడ్డ ముక్క అతికి కుట్టండి.

ప్రశ్న: కుట్టు మొదట్లో, చివర్లో ముడి ఎలా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: చేతి చక్రం తిప్పి ఒక కుట్టు వేసి, పైదారం లాగితే కిందిదారం ఉచ్చుగా పైకి వస్తుంది. దాన్ని పూర్తిగా పైకి తీసుకోండి. రెండు దారాలనూ వేలితో పట్టుకుని, బండిని దాదాపు కదపకుండా నాలుగు చిన్న కుట్లు వేసి అప్పుడు గాడిలోకి దిగండి. చివర్లోనూ అంతే. తోకలను వెంటనే కత్తిరించకుండా, పెద్ద కన్ను ఉన్న చేతి సూదికి ఎక్కించి, దూది పొరలో ఒక అంగుళం నడిపి బయటికి తీసి అప్పుడు కత్తిరించండి.