ఫోన్ లేనిదే ముద్ద మింగని నాలుగేళ్లవాడికి ఏ పుస్తకం?

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. బాబుకి నాలుగేళ్లు. ఎదురుగా ఫోన్ పెట్టందే అన్నం తినడు. అత్తయ్యగారు మాతోనే ఉంటారు. రెండు పేరెంటింగ్ పుస్తకాలు చదివాం, ఒక్క చిట్కా కూడా మా ఇంట్లో నిలబడలేదు. ఇంకేం చదవమంటారు?

జవాబు: మూడో పుస్తకం కొనేముందు, చదివిన రెండూ ఎలాంటి ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాశారో చూడండి. అమెరికా నుంచి వచ్చేవాటిలో చాలావరకు ఇద్దరే పెద్దవాళ్లు, పిల్లాడికి విడిగా ఓ గది. నాయనమ్మ ఎక్కడా కనపడదు. పిల్లలు ఒంటరిగా నిద్రపోవడం నేర్పడానికి అమెరికా డాక్టర్ ఫెర్బర్ చెప్పిన పద్ధతే తీసుకోండి. మొదటి రాత్రి పిల్లాడు ఏడుస్తుంటే మూడు నిమిషాలాగి వెళ్లాలి, తర్వాత ఐదు, ఆ తర్వాత పది. మన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఏడో నిమిషానికల్లా నాయనమ్మ తలుపు తోసుకొచ్చి ఎత్తేసుకుంటుంది. ఆవిడ్ని తప్పుపట్టలేం. కానీ పిల్లాడికి మాత్రం ‘ఇంతసేపు ఏడిస్తే చాలు’ అని లెక్క దొరికిపోతుంది, రేపటి ఏడుపు అక్కడినుంచే మొదలవుతుంది.

అచ్చయిన ఏడాది కూడా చూడాలి. పిల్లల పెంపకం మీద అమెరికా పిల్లల డాక్టర్ స్పాక్ రాసిన పుస్తకం 1946లో మొదటిసారి వచ్చింది. దాని తర్వాతి ఎడిషన్లు ఏళ్ల తరబడి పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టమన్నాయి. నిద్రలో ఆకస్మిక మరణాలకు ఆ భంగిమ ముప్పు పెంచుతుందని తేలాక, 1994లో అమెరికాలో వెల్లకిలా పడుకోబెట్టమని పెద్ద ప్రచారమే నడిపారు. అందుకే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరికినా సరే, పసిపిల్లల నిద్ర, తిండి, మందుల గురించిన పాత ఎడిషన్లు కొనకండి. పిల్లలతో ఎలా మాట్లాడాలో చెప్పేవి పాతవైనా పరవాలేదు.

మీకు ఒక్క పుస్తకం చాలు: ఫేబర్, మజ్లిష్ 1980లో రాసిన ‘హౌ టు టాక్ సో కిడ్స్ విల్ లిజన్’. బొమ్మల్లో సంభాషణలుంటాయి, ఓ పూటలో తిరగేయొచ్చు. చిక్కల్లా అందులోని వాక్యాల్ని మక్కీకి మక్కీ తెలుగు చేయడంతోనే. ‘నీకు కోపంగా ఉందని నాకు అర్థమవుతోంది’ అని ఏ తల్లీ అనదు, అంటే పిల్లాడు వింతగా చూస్తాడు. ‘అయ్యో, వీడియో మంచి చోట ఆగిపోయిందా! ఇంకా చూడాలనుందా?’ అనండి. తర్వాత, ఇవ్వలేనిదాన్ని ఊహలో ఇచ్చేయండి: ‘ఇల్లంత ఫోనుంటే ఎంత బావుండేదిరా!’ ఆ వెంటనే మాట మార్చకుండా, ‘అన్నం దగ్గర మాత్రం లేదు’. వరస ముఖ్యం. ‘లేదు’ ముందు వస్తే మిగతా రెండూ వాడి చెవికెక్కవు.

ఇక తిండి సంగతి. మూడు రోజులు ఏదీ మార్చకుండా రాసి పెట్టండి: ఎన్నింటికి తిన్నాడు, ఎవరు పెట్టారు, మధ్యలో ఏం పడింది. ఆరింటికి గ్లాసుడు పాలు, నాలుగు బిస్కెట్లు, ఏడున్నరకి అన్నం, ఇదే ఎక్కువ ఇళ్లలో బయటపడేది. ఆకలే లేనివాడికి ఫోన్ చూపించి కుక్కుతున్నామన్నమాట. భోజనానికి ముందు రెండు గంటలు మంచినీళ్లు తప్ప ఏదీ వద్దు.

నాలుగో రోజు నుంచి రాత్రి భోజనం ఒక్కదాంతో మొదలుపెట్టండి. పొద్దున వద్దు, స్కూల్ బస్సు హారన్ కొట్టగానే అందరి పట్టుదలా సడలిపోతుంది. పెద్దల ఫోన్లు కూడా వేరే గదిలో ఉండాలి. కంచంలో మూడు చిన్న ముద్దలే పెట్టండి, వాడి చేత్తోనే తిననివ్వండి. ఇరవై ఐదు నిమిషాలయ్యాక ‘చూడు, ఎంత మిగిల్చావో’ లాంటి మాటేదీ లేకుండా కంచం తీసేయండి. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అనేవి పెద్దల పని, ఎంత తినాలో పిల్లాడి ఇష్టం. అమెరికా డైటీషియన్ ఎలిన్ శాటర్ చేసిన ఈ పంపకం మన ఇళ్లలో మింగుడుపడని మాట, కానీ పనిచేసేది ఇదే.

మొదలుపెట్టిన మూడు నాలుగు రోజులకి పేచీ తగ్గకపోగా పెరుగుతుంది. ఇంతకాలం పనిచేసిన ఏడుపు పనిచేయకపోతే ఇంకాస్త గట్టిగా ఏడ్చి చూస్తాడు. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. ఆ రోజు ఫోన్ ఇస్తే, వాడు కొత్త లెక్క నేర్చుకున్నట్టే. రెండు వారాలు ఆగండి, తర్వాతే రెండో పూట.

అత్తయ్యగారి చేతికి పుస్తకం ఇవ్వకండి, పనివ్వండి. ముద్ద ముద్దకీ కథ చెప్పమనండి. అదీ దృష్టి మళ్లించడమేగా అంటారు కొందరు. నిజమే. కాకపోతే కథ చెప్పే మనిషి పిల్లాడి మొహం చూస్తుంది, చాలనిపిస్తే ఆపుతుంది. ఫోన్ ఆగదు.

భోజనం బయట ఫోన్ పూర్తిగా మానేయక్కర్లేదు. ఈ వయసుకి రోజుకు గంటకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ గంట ఎప్పుడో ముందే చెప్పేస్తే బేరాలు తగ్గుతాయి.

తెలుగులో చలం ‘బిడ్డల శిక్షణ’ ఉంది, కానీ అందులో చిట్కాలు వెతక్కండి. అది పెద్దల అధికారాన్నే నిలదీస్తుంది. గుజరాతీ విద్యావేత్త గిజుభాయి ‘పగటి కల’ నాలుగో తరగతి గది గురించి, మీకింకా టైముంది.

బరువు తగ్గుతున్నా, మింగేటప్పుడు పొలమారుతున్నా, నాలుగైదు రకాలు తప్ప ఏదీ ముట్టకపోయినా ఇవన్నీ పక్కన పెట్టి, గ్రోత్ చార్ట్ తీసుకుని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.