‘సంస్థాగత జ్ఞానం’ అనవచ్చునా?

సందేహం: ‘డిజిటల్ నైపుణ్యతలు సంస్థాగత జ్ఞానాన్ని పెంచి, వ్యూహాత్మక నిర్ణయాలకు తోడ్పడతాయి’ అని మా కార్యాలయ నివేదికలో రాశాను. ‘సంస్థాగత జ్ఞానం’ కృతకంగా ఉందని, ‘సంస్థ సమాచారం’ అంటే చాలునని మా పై అధికారి అన్నారు. ‘వ్యూహం’ యుద్ధానికి సంబంధించిన మాట కదా అనీ అడిగారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: మీ వాక్యంలో దిద్దవలసిన మాట మీరు అడగనిదే. ‘నిపుణ’ శబ్దానికి భావార్థక ప్రత్యయం చేరి ‘నైపుణ్యం’ అయింది. దాని మీద మళ్ళీ అదే అర్థమిచ్చే ‘త’ చేర్చడం ‘ప్రావీణ్యత’ వంటి పొరపాటే. నైపుణ్యం అనండి, లేదా నిపుణత అనండి. ‘డిజిటల్’ను మాత్రం ‘అంకీయ’ అని మార్చే శ్రమ అక్కరలేదు.

‘అంతర్గతం’, ‘హృద్గతం’ అన్న మాటల్లో వలె ‘సంస్థాగతం’లోని ‘గత’కు ‘ఉన్న’ అని అర్థం. కాబట్టి సంస్థాగత జ్ఞానమంటే సంస్థను గురించిన జ్ఞానం కాదు, ఒక ఉద్యోగి పదవీ విరమణ చేసినా ఆయనతో పాటు వెళ్ళిపోకుండా సంస్థలో నిలిచి ఉండే జ్ఞానం. సమాచారం వేరు. సంస్కృతంలో నడవడి, ఆచారం అనే అర్థమున్న ఆ మాట తెలుగులో వార్తకు, వివరానికి స్థిరపడింది. రిజిస్టరులో ఉన్నది సమాచారం. దాన్ని పాత లెక్కలతో పోల్చి, ఈ ఏడు ఏం చేయాలో చెప్పగలగడం జ్ఞానం. మన దగ్గరి ఉదాహరణే చూడండి: తాళ్ళపాక కవుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు తిరుమల ఆలయంలో భద్రంగానే ఉన్నా, చాలాకాలం లోకం ఎరుకలో లేవు. 20వ శతాబ్దిలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు పూనుకొని వాటిని చదివి పరిష్కరించిన తరువాతనే అవి మనకు అందాయి. ఆనాడు ఆ పండితుల నేర్పు చేసిన పనిని మీ కార్యాలయంలో డిజిటల్ నైపుణ్యం చేయాలి. కాగితాలను కంప్యూటరులోకి ఎక్కించినంత మాత్రాన అది పూర్తి కాదు. అందువల్ల ‘జ్ఞానం’ తీసివేసి ‘సమాచారం’ పెడితే మీ వాక్యం తన బలాన్నే పోగొట్టుకొంటుంది.

‘వ్యూహం’ సేనను నిలిపే తీరుకు ప్రసిద్ధమైన మాటే గాని, దానిలో మూలార్థం అమరిక. వైష్ణవ ఆలయాల పూజావిధానాన్ని చెప్పే పాంచరాత్ర ఆగమంలో విష్ణువు వాసుదేవ, సంకర్షణ, ప్రద్యుమ్న, అనిరుద్ధ రూపాలను చతుర్వ్యూహాలంటారు. తిరుచానూరు పద్మావతి అమ్మవారి ఆలయంలో అర్చన ఆ ఆగమం ప్రకారమే జరుగుతుంది, అక్కడ యుద్ధ ప్రసక్తి ఏముంది? కొన్నేళ్ళ ముందుచూపుతో, ఉన్న వనరులను అమర్చుకొని తీసుకొనే నిర్ణయాన్ని వ్యూహాత్మకమనడం సబబే. కొత్త ప్రింటరు కొనాలన్న నిర్ణయానికి మాత్రం ఆ విశేషణం తగిలించకండి.