గ్రాండ్ మార్క్విస్ కొని తప్పు చేశానా?

తమ్ముడూ, 1,10,000 మైళ్లు తిరిగిన 2007 మెర్క్యురీ గ్రాండ్ మార్క్విస్ కొన్నందుకు రూమ్మేట్లు ఏడిపిస్తున్నారని టెన్షన్ పడుతున్నావు. అక్కర్లేదు. అమెరికాలో పోలీసులు, టాక్సీవాళ్లు అరగదీసిన ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా కారుకి ఇది తోబుట్టువే: అదే ఫ్రేమ్, అదే 4.6 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్. పాతవాటిలో ఇంజిన్‌లోకి గాలి పంపే ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ పగిలి, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ కారేది; నీ మోడల్ నాటికి ఆ మానిఫోల్డ్ ముందు భాగం అల్యూమినియంకి మారింది.

అసలు చూడాల్సింది బండి కింద. శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిందా? మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించి ఫ్రేమ్ చూపించు. తుప్పు బాగా పట్టి ఉంటే అమ్మెయ్.

గ్యాస్ (అదే, పెట్రోల్) మాత్రం తాగుతుంది, సిటీలో గ్యాలన్‌కి 15, 16 మైళ్లే. రోజూ యాభై మైళ్లు డల్లాస్ ట్రాఫిక్‌లో తిరిగేవాడివైతే టయోటా క్యామ్రీయే నయం. కాలేజీ ఐదు మైళ్లేనన్నావు కాబట్టి ఉంచుకో. పార్కింగా... దాదాపు 18 అడుగుల బండి, కొన్నాళ్లు దూరంగా పెట్టి నడిచెళ్లు.