ఆ గోల్ తరువాత ఆడే మ్యాచ్‌ల గురించి

బాబూ,

పెద్ద జట్టు తరఫున నీ మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్‌లోనే నువ్వు కొట్టిన గోల్ చూశాను. ఇప్పటికి పదిహేనుసార్లయినా చూసి ఉంటాను. 71వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా దిగావు. కుడి అంచున బంతి అందుకున్నావు. బయటికి వెళ్తున్నట్టు, ఆ అంచును కాసే ఫుల్‌బ్యాక్‌ను నమ్మించి, ఒక్కసారిగా లోపలికి తిరిగి, ఎడమకాలితో దూరపు స్తంభం పక్కకు వంచి కొట్టావు. పదకొండేళ్ల వయసులో నా దగ్గరకు వచ్చినప్పుడూ నీకు ఆ మలుపు ఉండేది. బంతి మాత్రం అడ్డకర్ర మీదుగా ఎగిరిపోయేది. దాన్ని రెండడుగులు కిందికి దించడానికి నీకు ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి వల కదలగానే నాకు కళ్లు చెమర్చాయి.

వారం రోజులుగా నీ ఫోను మోగుతూనే ఉంటుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు చదువు. నాలుగు రోజులాగి మళ్లీ చదువు.

ఇప్పుడేం జరగబోతోందో ముందే చెబుతాను. ఆ గోల్‌ను నాలాగే మరికొందరు పదే పదే చూస్తున్నారు. వచ్చే మ్యాచ్‌లో నిన్ను కాయాల్సిన ఫుల్‌బ్యాక్ చూస్తున్నాడు, అతని కోచ్ చూస్తున్నాడు. నువ్వు ఎడమకాలి మీదికే వస్తావని, తిరిగే ముందు కుడిభుజం కాస్త దించుతావని వాళ్లకు రెండోసారికే తెలిసిపోయి ఉంటుంది. ఈసారి ఆ ఫుల్‌బ్యాక్ నీకు ఎదురుగా నిలబడడు. అర అడుగు లోపలి వైపుకు జరిగి, ఒళ్లు వాల్చి, అంచు వైపు దారి తెరిచి ఉంచుతాడు. నిన్ను నీ కుడికాలి మీదికి తోస్తాడు. అయినా నువ్వు లోపలికే తిరిగితే అక్కడ మిడ్‌ఫీల్డర్ ఒకడు కాచుకుని ఉంటాడు. మొదటి మ్యాచ్‌లో నిన్ను ఎవరూ ఎరగరు కాబట్టి ఆ దారి ఖాళీగా దొరికింది. ఇకమీదట అది ఊరికే దొరకదు.

అలా రెండు మ్యాచ్‌లు, మూడు మ్యాచ్‌లు బంతి పోగొట్టుకుంటూ ఆడతావు. అప్పుడు నీలో ఏదో తగ్గిపోయిందని అనుకోవద్దు. వాళ్లు నిన్ను చదివారు, అంతే. నువ్వు రెండో పాఠం నేర్చుకోవాలి. అది మైదానంలో ఎవరూ చూడని పని.

ముందు కుడికాలు సంగతి. సాధన అయ్యాక రోజూ ఇరవై నిమిషాలు గోడ దగ్గర నిలబడు. కుడికాలితో మాత్రమే కొట్టు, తిరిగొచ్చిన బంతిని కుడికాలితోనే ఆపు. అంచు వెంట పరిగెత్తుతూ కుడికాలితో వెనక్కి క్రాస్ ఇవ్వడం, అంటే గోల్ ముందున్న మనవాళ్లకు బంతి అందించడం నేర్చుకో. అది గొప్పగా ఉండనక్కర్లేదు. పది మ్యాచ్‌లలో రెండుసార్లు ఆ క్రాస్ నుంచి గోల్ వస్తే చాలు, ఫుల్‌బ్యాక్‌కు అంచు వైపు కూడా భయం పట్టుకుంటుంది. అతను అర అడుగు బయటికి జరుగుతాడు. నీ ఎడమకాలికి దారి మళ్లీ తెరుచుకుంటుంది.

రెండోది భుజం మీదుగా చూడటం. నీకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, అయినా మళ్లీ చెబుతున్నాను. బంతి నీ వైపు బయలుదేరక ముందు ఒకసారి వెనక్కి చూడాలి. అది దారిలో ఉండగా మరోసారి చూడాలి. గోల్ కొట్టినప్పుడు నువ్వు ఒక్కసారే చూశావు. నీ వెనక ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. బంతి అందాక తలెత్తేవాడికి ఈ స్థాయిలో ఆలోచించే వ్యవధి ఉండదు. డిఫెండర్ ఎంత దూరంలో ఉన్నాడో ముందే తెలిసినవాడు మొదటి తాకుడుతోనే ఖాళీలోకి వెళ్తాడు.

మరో మాట. నువ్వు ఎవరి స్థానంలో దిగావో ఆ సీనియర్‌తో మాట్లాడావా? గోల్ పడ్డాక ఆయన బెంచి మీద నుంచి అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టడం నేను చూశాను. నీ వల్ల ఆయన చోటుకే ముప్పు ఉంది, అయినా లేచారు. మీ లీగ్‌లోని ప్రతి ఫుల్‌బ్యాక్ గురించి ఆయనకు తెలుసు. ఎవరు తొందరపడి కాలు చాపుతారో, ఎవరు చొక్కా పట్టుకుంటారో, ఎవరికి అరవయ్యో నిమిషం తరువాత ఆయాసం వస్తుందో అన్నీ తెలుసు. వెళ్లి అడుగు. వినయంగా అడిగితే చెబుతారు. ఏ విశ్లేషకుడి వీడియోలోనూ దొరకని చదువు అది.

ఇక నీ తల్లిదండ్రులు నన్ను అడిగిన ప్రశ్నకు వస్తాను. పెద్ద క్లబ్బులు కబురు పెడుతున్నాయట, వెళ్లాలా వద్దా అని. నా అభిప్రాయం ఒక్కటే, దాన్ని ఎవరెదుటైనా చెబుతాను: రాబోయే రెండేళ్లూ నువ్వు ఆడే చోట ఉండు. పేరు ఎంత పెద్దదో తరువాత చూసుకుందాం, ముందు వారం వారం మైదానంలో నిమిషాలు దొరకాలి. పదిహేడేళ్ల ఆటగాడికి అంతకు మించిన తిండి లేదు.

ఫ్రెడ్డీ అడు పేరు విన్నావో లేదో. 2004లో పద్నాలుగేళ్లకే అమెరికా లీగ్‌లో డీసీ యునైటెడ్‌కు ఆడాడు. పీలేతో పోల్చారు. ఆ పోలికను ఒక పిల్లవాడి భుజాల మీద పెట్టడమే నేరమని నాకు ఇప్పటికీ కోపం. 2007లో పోర్చుగల్‌లోని బెన్ఫికాకు వెళ్లాడు. ఆ తరువాత దేశం వెంట దేశం, క్లబ్బు వెంట క్లబ్బు. ఒక్క చోట కుదురుకుని ఎదిగే అవకాశం అతనికి చిక్కలేదు. ప్రతిభ లేక అలా జరిగిందని నేను నమ్మను.

దానికి పక్కనే మార్టిన్ ఓడెగార్డ్‌ను పెట్టి చూడు. పదిహేనేళ్లకే నార్వే జాతీయ జట్టుకు ఆడాడు. 2015 జనవరిలో, పదహారేళ్ల వయసులో రియల్ మాడ్రిడ్ అతన్ని తీసుకుంది. ప్రపంచమంతా చూసింది, ఆపైన మరిచిపోయింది. ఇంకో అద్భుత బాలుడు వాడిపోయాడని రాసినవాళ్లు ఎందరో. అతను మాత్రం లోన్ మీద, అంటే సొంత క్లబ్బు కొంతకాలానికి అరువిస్తే, నెదర్లాండ్స్‌లోని హీరెన్‌వీన్‌కు, తరువాత వితెస్సేకు, ఆపైన స్పెయిన్‌లో రియల్ సోసియెదాద్‌కు వెళ్లి ఆడుతూనే ఉన్నాడు. 2021లో ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్ చేరాడు. 2022లో ఆ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. నడుమ గడిచిన ఆ ఏళ్లను జనం వృథా అన్నారు. నేనైతే అతను తయారైంది అక్కడే అంటాను.

క్రొయేషియా ఆటగాడు లూకా మోద్రిచ్ పద్దెనిమిదేళ్లప్పుడు లోన్ మీద బోస్నియా లీగ్‌లో ఆడాడు. ఆటగాళ్లు మీద పడి తన్నే లీగ్ అది, అతను చూస్తే బక్కపలచటి మనిషి. పదిహేనేళ్ల తరువాత, 2018లో ప్రపంచంలో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ అందుకున్నాడు. తరువాత ఇంగ్లండ్ కెప్టెన్ అయిన హ్యారీ కేన్‌ను అతని క్లబ్బు టాటెన్‌హామ్ నాలుగు వేర్వేరు క్లబ్బులకు లోన్ మీద పంపింది. లోన్ మీద పంపుతామని నీ క్లబ్బు అంటే చిన్నబుచ్చుకోకు. ఒక్క ప్రశ్న అడుగు: అక్కడి కోచ్ నన్ను కోరి అడిగారా, లేక ఇక్కడ ఖాళీ లేక పంపుతున్నారా? మొదటిదైతే సంచి సర్దుకో. రెండోదైతే అక్కడి బెంచి మీద కూర్చుంటావు, దాని వల్ల ఏమీ లేదు.

ఫెదెరికో మాకెడా సంగతి కూడా తెలుసుకో, ఎందుకంటే నీ గోల్ చూడగానే నాకు అతనే గుర్తొచ్చాడు. 2009 ఏప్రిల్‌లో మాంచెస్టర్ యునైటెడ్ తరఫున మొదటి మ్యాచ్, వయసు పదిహేడు. సబ్‌స్టిట్యూట్‌గా దిగి ఆస్టన్ విలా మీద ఆట ముగిసే క్షణాల్లో గెలుపు గోల్ కొట్టాడు. దాదాపు నీ గోలే. ఆ తరువాత అక్కడ నిలదొక్కుకోలేకపోయాడు. అనేక క్లబ్బులు తిరిగి, చివరికి గ్రీస్‌లో పనాథినైకోస్‌కు నాలుగేళ్లు స్థిరంగా ఆడాడు. అతన్ని ఓడిపోయినవాడు అనేవాళ్లంటే నాకు పడదు. ఏళ్ల తరబడి ఆటనే వృత్తిగా బతికిన మనిషి అతను. కాకపోతే ఆ ఒక్క గోల్‌తోనే అతని ప్రతి అడుగునూ కొలిచారు. నిన్ను కూడా అలాగే కొలుస్తారు. నువ్వు మాత్రం కొలుచుకోకు.

డబ్బు, ఏజెంట్ల విషయం క్లుప్తంగా చెబుతాను. నీకు పద్దెనిమిది నిండలేదు. ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా నియమాల ప్రకారం మూడేళ్లకు మించిన ఒప్పందం నీతో చేసుకోకూడదు. ఏజెంటు ఎవరైనా ఫిఫా లైసెన్సు ఉన్నవాడై ఉండాలి, అతనితో ఒప్పందం రెండేళ్లకు మించకూడదు. ఆ లైసెన్సు చూపించమని అడగడానికి మీ నాన్నగారు మొహమాటపడతారు, కాబట్టి నువ్వే అడుగు. కాగితం ఇంటికి తెచ్చుకుని, క్లబ్బుతోనూ ఏజెంటుతోనూ సంబంధం లేని న్యాయవాదికి చూపించి, ఆ తరువాతే సంతకం. ఈ రాత్రే సంతకం కావాలని తొందరపెట్టేవాణ్ణి ఆ రాత్రే సాగనంపండి.

ఇప్పుడు నేను అసలు రాయాలనుకున్నది రాస్తాను.

గోల్ తరువాత పది నిమిషాలకు, 84వ నిమిషంలో, నువ్వొకసారి పరుగు మధ్యలో ఆపేశావు. కుడితొడ వెనక భాగాన్ని చేత్తో నొక్కుకున్నావు. బంతి బయటికి పోయినప్పుడు మళ్లీ నొక్కుకున్నావు. కెమెరా నీ మీద లేదు, నువ్వు తెర అంచున ఉన్నావు. అందరూ గోల్‌నే చూస్తుంటే నేను ఆ మూలను చూస్తూ ఉండిపోయాను. ఎవరికైనా చెప్పావా?

నా సంగతి నీకు ఎన్నడూ పూర్తిగా చెప్పలేదు. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు మొదటి జట్టులో చోటు దొరికింది. మూడో మ్యాచ్‌లో సరిగ్గా అక్కడే, తొడ వెనక, తీగ లాగినట్టు చిన్న నొప్పి. చెబితే చోటు పోతుందని దాచాను. కట్టు కట్టుకుని పైన పొడవాటి నిక్కరు వేసుకున్నాను, ఎవరికీ కనబడకుండా. ఐదో మ్యాచ్‌లో పరుగు అందుకున్న క్షణంలో వెనక నుంచి ఎవరో తన్నినట్టు అనిపించింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. కండరం తెగింది. మూడు వారాల విశ్రాంతితో పోయేది ఎనిమిది నెలలు తిన్నది. తిరిగొచ్చాక నా మొదటి ఐదు గజాల వేగం మరి రాలేదు. చోటు కోసం దాచాను, చోటే పోయింది.

ఇంగ్లండ్ ఆటగాడు మైఖేల్ ఓవెన్ 1998 ప్రపంచకప్‌లో అర్జెంటీనా మీద కొట్టిన గోల్ నీకు చూపించాను కదా, వయసు పద్దెనిమిది. 1999 ఏప్రిల్‌లో అతని తొడ వెనక కండరం దెబ్బతిన్నది. 2001లో బాలన్ డి ఓర్ గెలిచాడు, నిజమే. అయినా ఆ గాయం తరువాత తాను మునుపటి ఆటగాణ్ణి కాలేదని అతనే చెప్పుకున్నాడు. స్పెయిన్ ఆటగాడు పెద్రి 2020-21 సీజన్‌లో, పద్దెనిమిదేళ్ల వయసులో, క్లబ్బుకు, దేశానికి, ఐరోపా దేశాల పోటీ అయిన యూరోలో, టోక్యో ఒలింపిక్స్‌లో కలిపి డెబ్బైకి పైగా మ్యాచ్‌లు ఆడాడు. మరుసటి సీజన్ చాలా భాగం తొడ గాయాలతోనే పోయింది. నీ ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి, కండరాలు వాటి వెంట పరుగెత్తి అందుకోవాలి. ఆడగలవా అని ఎవరు అడిగినా నువ్వు ఆడగలను అనే అంటావు, పదిహేడేళ్లవాడు వేరే జవాబు చెప్పడు. అందుకే ఆ జవాబు ఫిజియో ఇవ్వాలి.

మనసు కూడా ఇలాగే. బోయాన్ క్రికిచ్ పదిహేడేళ్లకే బార్సిలోనా మొదటి జట్టులో ఉన్నాడు. తల తిరగడం, ఆందోళన పట్టుకుని 2008 యూరోకు వెళ్లలేకపోయాడు. ఆ సంగతి బయటికి చెప్పుకోవడానికి అతనికి ఏళ్లు పట్టింది. నీకు రాత్రి నిద్ర పట్టకపోయినా, మైదానంలోకి దిగే ముందు గుండె అదుపు తప్పినట్టు అనిపించినా, తొడ నొప్పి చెప్పినట్టే అదీ చెప్పు. అమ్మకు చెప్పు, నాకు చెప్పు, క్లబ్బు వైద్యులకు చెప్పు. ఫోను రాత్రి తొమ్మిది తరువాత అమ్మ దగ్గర పెట్టు. పొగిడేవాళ్ల మాటలు చదివితే నాలుగు వారాల తరువాత తిట్టేవాళ్ల మాటలూ చదవాల్సి వస్తుంది.

శనివారం మ్యాచ్‌కు నీ పేరు జట్టులో ఉంటుందని విన్నాను. ఈ ఉత్తరం గురువారానికి చేరుతుంది. శుక్రవారం పొద్దున సాధనకు ముందు ఫిజియో గది తలుపు తట్టు. 84వ నిమిషం అని చెప్పు, ఎక్కడ నొప్పి పెట్టిందో వేలితో చూపించు. ఆయన ఏమన్నారో ఆ సాయంత్రమే నాకు ఫోను చేసి చెప్పు. ఆడొద్దంటే శనివారం బెంచి పక్కన కూర్చుని, అవతలి ఫుల్‌బ్యాక్ ఏ కాలు ముందు పెట్టి నిలబడతాడో చూసి పెట్టుకో.

నీ మాస్టారు