కోస్టర్ ఎక్కే ముందు

చిన్నా,

పిల్లల్ని తీసుకుని పియర్‌కి, అదే సముద్రంలోకి కట్టిన చెక్కల వంతెనకి, వెళ్తున్నామని, అక్కడ కొత్త రోలర్ కోస్టర్ పెట్టారని రాశావు. కోడలికి భయంగా ఉందని కూడా రాశావు. అందుకే ఈ ఉత్తరం.

గేటు తీయగానే నేరుగా కోస్టర్ దగ్గరికే నడవండి. కొత్తది కదా, పొద్దెక్కేసరికి క్యూ చాంతాడంత అవుతుంది. తిండి సంగతి దిగాక చూసుకోవచ్చు. పిల్లల ఎత్తు ఇంట్లోనే కొలిచి, అక్కడి నిబంధనతో సరిచూసుకో. గంటసేపు నిలబడ్డాక ఒక అంగుళం తక్కువని వెనక్కి పంపితే ఆ ఏడుపు ఆపడం నీ తరం కాదు.

ఇక సీటు. వెనక పెట్టెలో కూర్చుంటే, ముందు పెట్టెలు అప్పటికే దిగుతుంటాయి కాబట్టి నిన్ను శిఖరం మీంచి ఒక్క గుంజు గుంజుతాయి. ఒళ్ళు సీట్లోంచి లేచిపోతుంది. ముందు వరసలో ఆ గుంజు తక్కువ, కానీ ఎదురుగా సముద్రం తప్ప ఏమీ కనపడదు. కోడల్ని మధ్యలో కూర్చోబెట్టు. ఒకటే పెట్టె ఉన్న బండి అయితే ఈ లెక్కలేవీ పనికిరావు.

గొలుసుతో పైకి లాగే కోస్టర్ అయితే కింద టకటకమని చప్పుడొస్తుంది. ఏదో విరుగుతోందని చాలామంది హడలిపోతారు. నిజానికి గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పట్టుకునే కొక్కెం చేసే చప్పుడది. చక్రాలు కూడా పట్టాని పైనా, పక్కనా, కిందా పట్టుకునే ఉంటాయి. ఈ రెండు ముక్కలూ కోడలికి ముందే చెబితే సగం టెన్షన్ పోతుంది. అయినా వద్దంటే బలవంతం చేయకు. సంచులు చూసుకునే మనిషి ఎలాగూ కావాలి! మెడనొప్పి, నడుంనొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు ఎక్కనే కూడదు.

కళ్ళజోడు, ఫోను దగ్గర ఉంచుకోకండి. నా కళ్ళజోడు ఒకటి అలాగే సముద్రం పాలయింది. తిరిగొచ్చేటప్పుడు మీ పెద్దమ్మ చెయ్యి పట్టుకుని నడవాల్సొచ్చింది, ఆవిడ దారిపొడవునా నవ్వుతూనే ఉంది.

గాలి పెరిగితే కోస్టర్ ఆపేస్తారు. వాళ్ళతో గొడవ పడకు. న్యూజెర్సీలో సీసైడ్ హైట్స్ పియర్ మీది కోస్టర్ 2012లో శాండీ తుఫానుకి సముద్రంలో పడి, నెలల తరబడి అలల మధ్యే నిలబడి ఉంది. దాని బదులు కొత్తది 2017లో గానీ రాలేదు. అలాంటి చోట గాలితో పరాచికాలు ఎవరాడతారు? ఆపితే పిల్లల్ని పియర్ చివరిదాకా నడిపించు, చెక్కల సందుల్లోంచి కింద నీళ్ళు చూపించు. వాళ్ళకి అదే ఎక్కువ నచ్చినా ఆశ్చర్యపోకు.

దిగాక కాసేపు కళ్ళు తిరిగినట్టుంటే దూరంగా సముద్రం అంచు వైపు చూస్తూ కూర్చోండి. ఇంటికి చేరాక ఫోన్ చెయ్యి, కోడలు ఎక్కిందో లేదో ముందు ఆ ముక్క చెప్పు.

మీ పెదనాన్న