కోర్టు చెప్పిన డీఎన్ఏ పరీక్షకు రక్తం ఇస్తే నా జబ్బులన్నీ బయటపడతాయా?

మీరు అడిగినవి రెండు. ఫ్యామిలీ కోర్టు పితృత్వ పరీక్షకు ఆదేశించింది, రక్తం ఇస్తే ఒంట్లో ఉన్న జబ్బులన్నీ రిపోర్టుకెక్కుతాయా అన్నది మొదటిది. అమెరికాలో ఉన్న తమ్ముడు ఉమ్మి కిట్ పంపాడు, అది కూడా చేయించుకుంటే కేసుకు బలం వస్తుందా అన్నది రెండోది. మొదటిదానికి భయపడనక్కర్లేదు, కాకపోతే మిగిలిపోయిన రక్తం ఏమవుతుందో గట్టిగా పట్టించుకోండి. రెండోదాన్ని కేసు నడుస్తున్నంత కాలం ముట్టుకోకండి.

కోర్టు పరీక్షలో ల్యాబు చూసేవాటిని ఎస్‌టీఆర్‌లు అంటారు. డీఎన్ఏలో కొన్నిచోట్ల నాలుగేసి అక్షరాల ముక్క వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. అది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడతారు, అంతే. ఒక్కో చోటికి రెండు అంకెలు: ఒకటి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది. రిపోర్టు పట్టికలో ‘టీహెచ్‌01: 6, 9.3’ అని ఉంటుంది. 9.3 అంటే తొమ్మిది పూర్తి ముక్కలు, పైన మూడు అక్షరాలు. ఇలా లెక్కపెట్టే ఒక్కో చోటును మార్కర్ అంటారు, ఇప్పటి కిట్లలో ఇవి ఇరవై పైచిలుకు. మన డీఎన్ఏలోని 300 కోట్ల అక్షరాల్లో వీటికోసం తాకేది పదివేలు కూడా ఉండదు. షుగరు, గుండెజబ్బు, కులం ఆ పట్టికలో చదవడం కుదరదు. అమెలోజెనిన్ అనే మార్కర్ మాత్రం ఆడా మగా చెబుతుంది. డీ21ఎస్‌11 అనేది 21వ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకి ల్యాబు గ్రాఫులో అక్కడ రెండు బదులు మూడు శిఖరాలు కనిపించవచ్చు.

శాంపిల్ ఇచ్చేరోజు మీరు చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. రక్తం ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులోకి తీయాలి, రెండు మూడు ఎంఎల్ చాలు. ఆకుపచ్చ మూతది వద్దు. అందులో హెపారిన్ ఉంటుంది, అది డీఎన్ఏను లక్షల కాపీలు చేసే పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. బుగ్గ లోపలి నుంచి స్వాబ్ తీస్తే, అరగంట ముందు నుంచి ఏమీ తినకుండా నోరు నీళ్లతో పుక్కిలించాలి. తీసిన స్వాబ్ పూర్తిగా ఆరాకే కాగితం కవరులో పెట్టాలి. ప్లాస్టిక్ సంచిలో తడిగా మూసేస్తే బ్యాక్టీరియా, బూజు పెరిగి డీఎన్ఏ ముక్కలైపోతుంది. అప్పుడు పట్టికలో పొడవాటి మార్కర్లు ఖాళీగా వస్తాయి, మళ్లీ పిలుస్తారు. ఈమధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే ముందే చెప్పండి. బోన్‌మ్యారో మార్పిడి జరిగినవాళ్ల రక్తంలో దాత డీఎన్ఏ ఉంటుంది. బుగ్గ స్వాబులో కూడా తెల్లరక్తకణాలు కలుస్తాయి కాబట్టి, ఆ విషయం ఫారంలో రాయించకపోతే రిపోర్టు తలకిందులవుతుంది.

ఒక పీసీఆర్‌కు ఒక నానోగ్రాము డీఎన్ఏ సరిపోతుంది, అంటే దాదాపు 150 కణాలది. ఇంత తక్కువతో పని జరుగుతుంది కాబట్టే కలుషితం కావడమూ తేలికే, గ్లవ్స్ మార్చకుండా ఇద్దరికీ తీస్తుంటే అక్కడే అభ్యంతరం చెప్పండి. నన్నడిగితే మెషీన్ కంటే ముందు అనుమానించాల్సింది లేబుల్‌ని. మీ ఫొటో అంటించి ధ్రువీకరించిన ఫారం, దాని మీద సంతకం, వేలిముద్ర, ట్యూబు మీద రాసిన నంబరు, కవరు మీద లక్క సీలు, ఇవన్నీ మీ కళ్లముందే ఒకదానితో ఒకటి సరిపోవాలి. నంబరు మీరూ రాసుకోండి.

మీది మేనరికం అని రాశారు. ఇది ల్యాబుకు చెప్పి తీరాలి. భార్యాభర్తలు మేనమామ–మేనకోడలో, బావామరదళ్లో అయితే ఇద్దరి డీఎన్ఏలో కొంత భాగం ముందునుంచే ఒకటి. బిడ్డలో కనిపించిన అంకె తల్లిదా తండ్రిదా అని చాలా మార్కర్ల దగ్గర తేల్చలేరు. సాధారణ జనాభా లెక్కలు పెట్టి గుణిస్తే ‘ఇతనే తండ్రి’ అనే సంభావ్యత అసలుకంటే ఎక్కువ చూపిస్తుంది. అనుమానం భర్త సొంత అన్నదమ్ముల మీదైతే ఇంకా చిక్కు: వాళ్లు సగటున సగం డీఎన్ఏ పంచుకుంటారు, 15 మార్కర్ల కిట్‌తో ఒకటి రెండు తేడాలే రావచ్చు. వై క్రోమోజోమ్ పరీక్ష వాళ్లను విడదీయలేదు, తండ్రి వైపు మగవాళ్లందరిదీ దాదాపు ఒకటే. అందుకే తల్లి శాంపిల్ కూడా తప్పకుండా తీయించండి, మార్కర్లు పెంచమని అడగండి. ఇక ఒక్క మార్కర్‌లో తేడా వచ్చిందని ‘తండ్రి కాదు’ అనేయకూడదు. ఒక తరం నుంచి మరో తరానికి వెళ్లేటప్పుడు మార్కర్‌కు సుమారు అయిదొందల్లో ఒకసారి అంకె మారుతుంది, సాధారణంగా ఒక మెట్టు పైకో కిందికో. అందుకే మూడు అంతకంటే ఎక్కువ తేడాలుంటేనే ల్యాబులు మామూలుగా కాదని చెబుతాయి.

ఇప్పుడు గోప్యత. పట్టికలో జబ్బులు ఉండవు గానీ, ట్యూబులో మిగిలిన రక్తంలో మీ మొత్తం డీఎన్ఏ ఉంటుంది. ఎవరైనా రేపు దాన్ని వేరే పరీక్షకు వాడగలరు. దీనికోసం ప్రత్యేక చట్టం మనకు లేదు. 2019లో లోక్‌సభలో పెట్టిన డీఎన్ఏ బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు. కాబట్టి రక్షణను కోర్టు ఆదేశంలోనే రాయించుకోవాలి. మీ లాయరుతో మెమో వేయించండి: పరీక్ష పితృత్వం తేల్చడానికి మాత్రమే, రిపోర్టు సీల్డ్ కవరులో నేరుగా కోర్టుకు, అప్పీలు గడువు ముగిశాక మిగిలిన రక్తం, తీసిన డీఎన్ఏ ధ్వంసం చేసి రాతపూర్వకంగా తెలపాలి. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం సెక్షన్ 11 ప్రకారం ఇద్దరిలో ఎవరు కోరినా విచారణ మూసిన గదిలో జరపాలి. ఈ అర్జీ శాంపిల్ ఇవ్వకముందే వేయండి. ముందే రాయించుకోకపోతే ఏమవుతుందో చూడండి: మన మాజీ గవర్నరు ఎన్.డి. తివారీ మీద నడిచిన పితృత్వ కేసులో ఆయన రక్తాన్ని 2012లో హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ ల్యాబులో పరీక్షించారు. అది మామూలు సివిల్ దావా. రిపోర్టు గోప్యంగా ఉంచమని ఆయన కోరినా ఒప్పుకోకుండా ఢిల్లీ హైకోర్టు జులై 27న తెరిచింది.

ఇవ్వనంటే? దీపన్విత రాయ్ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: నిరాకరించవచ్చు, కానీ కోర్టు మీకు వ్యతిరేకంగా ఊహించుకోవచ్చు. అయితే బిడ్డ గోప్యతను పక్కనపెట్టి అలవాటుగా డీఎన్ఏ పరీక్షకు ఆదేశించకూడదని 2023లో అపర్ణ ఫిరోడియా కేసులో అదే కోర్టు అంది. పెళ్లి నడుస్తుండగా పుట్టిన బిడ్డ భర్త బిడ్డే అన్న చట్టపు ఊహను తోసేయడానికి తగిన ఆధారాలు ముందు ఉండాలి. మీ ఆదేశంలో ఆ కారణాలు రాయకపోతే పైకోర్టుకు వెళ్లే దారి ఉందేమో లాయరును అడగండి.

తమ్ముడి కిట్ సంగతి. కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకోదు, ఆ ఉమ్మి ఎవరిదో చెప్పడానికి సీలూ సాక్షీ లేవు. అందులో చదివేది కూడా వేరు: ఆరేడు లక్షల చోట్ల ఒక్కో అక్షరం, జబ్బుల సమాచారంతో సహా. మనలాంటి ఒకే కులంలో, మేనరికాల్లో పెళ్లిళ్లు చేసుకునే కుటుంబాల్లో దూరపు చుట్టం కూడా దగ్గరి చుట్టంలా కనిపిస్తాడు. ఆ ‘కజిన్’ జాబితా చూసి ఎవరినీ అనుమానించకండి. ఇలాంటి కిట్లు అమ్మే 23అండ్‌మీ కంపెనీ నుంచి 2023లో 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. 2018లో కాలిఫోర్నియా పోలీసులు ఒక వరస హంతకుణ్ణి పట్టుకున్నది అతను ఇచ్చిన డీఎన్ఏతో కాదు, అతని దూరపు బంధువులు జెడ్‌మ్యాచ్ (GEDmatch) అనే బంధువుల్ని వెతికే వెబ్‌సైటులో పెట్టుకున్న సమాచారంతో.

మీ తమ్ముడు ఇప్పటికే ఇచ్చేసి ఉంటే మీలో సగం అక్కడ ఉన్నట్టే. బంధువుల జాబితాలో కనిపించే ఆప్షన్, పరిశోధన సమ్మతి ఆపేయమనండి. ముందు తన ముడి డేటా దించుకుని, తర్వాత నిల్వ ఉన్న ఉమ్మిని పారేయమని కోరి, చివర ఖాతా తొలగించమనండి. ఈ వరస ముఖ్యం, ఖాతా తీసేశాక ఆ డేటా మళ్లీ దొరకదు. అప్పటికే పూర్తయిన పరిశోధనల్లోంచి మాత్రం వెనక్కి తీయలేరు.